రెండు మాటల ముందే

గుల్వెన్ దగ్గర సోయిజిగ్‌కి దక్కినదల్లా పాటలో ప్రతి పంక్తి చివరా రెండు మాటలు. ఇరవై ఏడేళ్ళుగా అంతే. ఆ రెండు మాటల కోసమే ఆమె వారమంతా ఆదివారానికి ఎదురుచూసేది.

రోస్త్రెనెన్ ఊరి చుట్టుపక్కల నాట్యానికి వాయిద్యాలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. రెండు గొంతులు చాలు. ముందు పాడేవాడు పంక్తి ఎత్తుకుంటాడు. ముగియబోతుండగా వెనక పాడేది వచ్చి చివరి రెండు మాటలూ అతనితో కలిసి పాడుతుంది. అక్కడ అతను ఆగి ఊపిరి తీసుకుంటాడు, ఆమె అదే పంక్తిని తిప్పి పాడుతుంది. ఆమె చివరి రెండు మాటల దగ్గర మళ్ళీ అతను వచ్చి కలుస్తాడు. ఇలా ఒకరి ఊపిరి అయిపోయేచోట ఇంకొకరి ఊపిరి మొదలవుతుంది కనక పాట ఎక్కడా తెగదు. తెగకూడదు కూడా. చేతులు పెనవేసుకుని గొలుసుగా ఆడుతున్న రెండు వందల మంది ఆ పాట మీద కాళ్ళు మోపి ఉంటారు.

ముందు పాడేది గుల్వెన్. అరవై రెండేళ్ళవాడు, ఇళ్ళ కప్పులకి పలకరాళ్ళు పరిచే పని. వెనక పాడేది సోయిజిగ్, స్కూలు బస్సు నడుపుతుంది, మూడేళ్ళు చిన్నది. గుల్వెన్ భార్య పోయి పదేళ్ళయింది. సోయిజిగ్ మొగుడు అంతకు చాలాముందే ఎవరితోనో రెన్ పట్నం చెక్కేశాడు. పోయి మంచిపని చేశావని ఆమె చేతే అనిపించుకున్నాడు. అడ్డం లేని ఇద్దరు మనుషులు, పక్కపక్క ఊళ్ళు, మధ్యలో ఏడు కిలోమీటర్ల రోడ్డు. అయినా ఆదివారం మధ్యాహ్నం పాట కోసం తప్ప ఆ రోడ్డు మీద ఎవరూ ఎవరి దగ్గరికీ పోలేదు. ఇలాంటివాళ్ళని చూస్తే ఒళ్ళుమండుతుంది.

దీనికి కొంత బర్బా పిన్ని కారణం. ఎనభై మూడేళ్ళ బర్బా, నాట్యంలో గొలుసు మొదట నిలబడే మనిషి, వెనకటికి ఒక జోడీ పెళ్ళి చేసుకుందని, ఆరునెలలు తిరక్కుండా ఒకరికొకరు పంక్తి వదలడం మానేశారని, నడి హాల్లో తిట్టుకున్నారని కనిపించినవాళ్ళందరికీ చెప్పేది. నవ్వడానికే చెప్పేది. సోయిజిగ్ మాత్రం ఇంటికి పోయి దాని గురించే ఆలోచించేది. నోరు తెరిచి అడిగితే, అతను కాదంటే, ఆ రెండు మాటలు కూడా పోతాయి. అందుకని నోరు మెదపలేదు.

కిందటి శరత్కాలంలో, సెయింట్ల పండగ నాటికి, ఒక మార్పు వచ్చింది. గుల్వెన్ పంక్తి చివరికి వచ్చేసరికి గొంతు కొంచెం సడలించేవాడు, అప్పుడప్పుడూ ఒక మాట ముందే. అరవై దాటాయి కదా, ఊపిరి తగ్గిందిలే అనుకుంది సోయిజిగ్. ఏమీ అనకుండా ఒక మాట ముందే అందుకునేది. రెండు మాటలు మూడయ్యాయి. దానికి జాలిపడాల్సిన మనిషి ఇంటికి వెళ్తూ కారులో తనలో తను నవ్వుకునేది.

ఏప్రిల్‌లో గుల్వెన్‌కి నిచ్చెన మీదుండగా నడుంలో నొప్పి వచ్చింది. ఎలా దిగాడో అతనికే తెలీదు. కుడి కిడ్నీలో రాయి అన్నారు, అదీ బాగా పైన కూర్చుని ఉందన్నారు. వీపులో పక్కటెముకల సందు నుంచి సన్నటి దారి చేసి, రాయిని పగలగొట్టి తీశారు. నాలుగో రోజు ఇంటికి పంపుతూ ఒక కాగితం చేతిలో పెట్టారు. జ్వరం వచ్చినా, రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఫోన్ చేయమని అందులో స్పష్టంగా రాసి ఉంది. గుల్వెన్ దాన్ని బ్రెడ్డు డబ్బా కింద పెట్టాడు.

ఆ బుధవారం అతనే ఫోన్ చేశాడు.

“ఏమయ్యా, రాయి పోయిందా?” అంది సోయిజిగ్. రెండు వారాలుగా ఆ గొంతు కోసం ఎంత అల్లాడిందో అందులో తెలియనివ్వలేదు.

“పోయింది. డబ్బాలో వేసిచ్చారు, రేగుపండంత ఉంది. ఊరందరి నెత్తినా రాళ్ళు పరిచావు, నీకొకటి ఉంటే తప్పేంటి అంది నర్సు.”

“బాగా అంది. ఆదివారం హాల్లో నాట్యం ఉంది. రాలేవని చెప్పేయనా?”

“ఎందుకు చెప్పడం? నిచ్చెన ఎక్కద్దన్నారు, బరువులెత్తద్దన్నారు. ఏవో పెద్దక్షరాలతో కాగితం కూడా ఇచ్చారు, బ్రెడ్డు డబ్బా కింద ఉంది. పాడద్దని ఎవరూ అనలేదు.”

“నువ్వు పాడతావని వాళ్ళకి చెప్పావా?”

“అడక్కుండా నేనెందుకు చెప్తాను? సరే, శ్రుతి చూసుకుందాం. గుర్రం పాట, అందుకో.”

నాట్యానికి ముందు ఫోన్‌లో ఒక చరణం పాడి శ్రుతి కుదుర్చుకోవడం వాళ్ళకి అలవాటు. గుర్రాన్ని అమ్మడానికి సంతకి పోయి ఆ గుర్రం చేతే మోసపోయినవాడి పాట అది, ఇరవై రెండు చరణాలు. “సోమవారం పొద్దున్నే గుర్రాన్ని కట్టి సంతకు పోయానమ్మా” అనేది మొదటి పంక్తి. ఆరు మాటలు. ‘సంతకు’ దగ్గర ఆమె కలవాలి.

గుల్వెన్ ‘గుర్రాన్ని’ దాకా వచ్చాడు. ‘కట్టి’ దగ్గర గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. సోయిజిగ్ ఆలోచించలేదు. ఇరవై ఏడేళ్ళ అలవాటు ఆలోచించనివ్వలేదు. పంక్తిని అక్కడే అందుకుని లాక్కుపోయింది. అతను గుసగుసగా ఆమె కిందే మూడు మాటలూ పలికాడు.

“మంచం మీదున్న మనిషివి, గొంతు తుప్పుపట్టింది,” అంది.

“పట్టదూ మరి,” అన్నాడు. ఆ రెండు మాటలకీ మధ్య ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె విన్నది. విని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం మళ్ళీ చేశాడు. శ్రుతి బుధవారమే కుదిరింది, మళ్ళీ చేయాల్సిన పనే లేదు. ఎందుకు చేశావని ఆమె అడగలేదు. ఈసారి ‘గుర్రాన్ని’ సగంలో ఆగిపోయింది. ఆమె ఆ సగంలోనే వెళ్ళి అందుకుంది.

ఆదివారం మధ్యాహ్నం వాన. హాలు తడి కోట్లతో, నల్లగోధుమ అట్ల వాసనతో కిక్కిరిసి ఉంది. గుల్వెన్ మెట్లెక్కి వేదిక మీదికి వచ్చి, ఆపిల్ కల్లు గ్లాసు అందుకోబోయి మళ్ళీ అక్కడే పెట్టేశాడు. ముఖం కొంచెం పాలిపోయింది. గడ్డం మాత్రం నున్నగా గీసుకున్నాడు, ఆమెకిష్టమైన నీలం చొక్కా వేసుకున్నాడు. పక్కన నిలబడి ఎప్పట్లానే ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి ఆ చెయ్యి బరువుగా ఉంది. ఆనుకున్నాడని ఆమెకి అర్థమైంది, అయినా ఆ బరువు ఆమెకి బాగుంది.

“మొదలెట్టండర్రా, కాళ్ళు జివ్వుమంటున్నాయి!” అని కింద నుంచి బర్బా కేకేసింది.

గుల్వెన్ మొదలెట్టాడు. మొదటి చరణంలో ఆమె నాలుగు మాటల ముందు అందుకుంది. కింద గొలుసు కదిలింది. అయిదో చరణానికి అతను పంక్తిలో ఒక మాటన్నర పాడుతున్నాడు, తొమ్మిదో చరణానికి ఒక మాట. మిగతాదంతా ఆమె పాడుతోంది, అతని గొంతు సన్నగా ఆమె గొంతుకి అంటుకుని వస్తోంది. తిప్పి పాడేది ఎలాగూ ఆమెదే. అంటే అతని పంక్తీ తనదే, తన పంక్తీ తనదే. కానీ బయటికి పాట ఎక్కడా సడలలేదు. పైగా ఎన్నడూ లేనంత బిగువుగా ఉంది. సోయిజిగ్ అంత బాగా తన జీవితంలో పాడలేదు. రెండు మాటలు కాదు, పాటంతా ఇద్దరూ కలిసి పాడుతున్నారు. ఒంట్లో ప్రతి నరమూ సంతోషంతో పొంగిపోయింది. ఆ సంతోషం గుర్తొస్తే తర్వాత్తర్వాత ఆమె సిగ్గుతో చచ్చిపోయేది.

“ఇవాళ పాట మాంచి దిట్టంగా ఉందే పిల్లా!” అని అరిచింది బర్బా.

పన్నెండో చరణంలో భుజం మీది చెయ్యి జారింది. సోయిజిగ్ తల తిప్పి చూసింది. గుల్వెన్ పెదవులు అతను పరిచే పలకరాళ్ళ రంగులోకి తిరిగాయి. నుదుట చెమట. నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి పాట రావడం లేదు, గాలి లోపలికి పోవడం లేదు. పైప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. అయినా నోరు ఆగలేదు. కళ్ళు అతని మీద ఉండగానే నోరు ఆ చరణాన్ని చివరిదాకా పాడేసింది. పాట తెగకూడదు కదా.

అతను వేదిక అంచు మీద కూలబడ్డాడు. అప్పుడు తెగింది పాట. కింద రెండు వందల మంది కాళ్ళు తడబడ్డాయి.

ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి మూడున్నర. కెర్వెల్లా అనే డాక్టరమ్మ అతని వీపు మీద వేళ్ళతో తట్టి చూసింది, ఛాతీకి స్కాన్ తీయించింది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టాక పెదవులకి కొంచెం రంగు వచ్చింది.

“ఈ ఆయాసం ఎప్పట్నుంచండీ?” అని అడిగింది.

“ఇవాళే,” అన్నాడు గుల్వెన్. “మధ్యాహ్నం.”

గోడ దగ్గర కోటు పట్టుకుని నిలబడ్డ సోయిజిగ్ ఉండబట్టలేకపోయింది.

“కాదు. బుధవారం నుంచి.”

“మీరు ఆయన భార్యా?”

“కాదండీ. పాటలో జోడీని.” “ఆరు మాటల పంక్తండీ మాది. బుధవారం మూడు మాటలు పాడాడు. శుక్రవారం రెండున్నర. ఇవాళ మొదట్లో రెండు, చివర్లో ఒకటి. తర్వాత అదీ లేదు.”

డాక్టరమ్మ కలం పట్టుకుని అన్నీ రాసుకుంది. మధ్యలో ఒకసారి తలెత్తి ఆశ్చర్యంగా చూసింది.

“రాయి కిడ్నీలో బాగా పైన ఉంది. అందుకని పక్కటెముకల సందులోంచి దారి చేశారు. ఊపిరితిత్తి పొర అక్కడిదాకా వస్తుంది. చాలా అరుదుగా ఆ దారి వెంట నీరు చేరి, పొరకీ ఊపిరితిత్తికీ మధ్య నిండిపోతుంది. ఊపిరితిత్తి విప్పుకోడానికి చోటుండదు. మామూలుగా అదే రోజో మర్నాడో తెలిసిపోతుంది. ఈయనకి మెల్లగా చేరింది.” కలం మూసి సోయిజిగ్ వైపు తిరిగింది. “ఇంత లెక్కగా నాకెవరూ చెప్పలేదండీ. మరి బుధవారమే తెలిసినప్పుడు ఎందుకు ఊరుకున్నారు?”

తిట్టినట్టు అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. సోయిజిగ్‌కి తల కొట్టేసినట్టయింది. సమాధానం ఉంది, అది చెప్పుకునేది కాదు.

పక్కటెముకల మధ్య నుంచి గొట్టం పెట్టి నీరు తీశారు. లీటరున్నర వచ్చిందట. ఆ సేపంతా సోయిజిగ్ వరండాలో కుర్చీ అంచున కూర్చుంది. వెనకే మనవడి కారులో వచ్చిన బర్బా ఆమె పక్కన చేరి కాఫీ కప్పు చేతిలో పెట్టింది.

“చేతులారా చంపుకునేదాన్ని పిన్నీ. అతనికి ఊపిరి లేదని నాకు తెలుసు. అతనిక్కూడా తెలియనంత బాగా కప్పెట్టాను.”

“నువ్వు పాట మోశావు. దానిమీద ఎగిరింది మేమందరం. ఒక్కరికైనా తెలిసిందా?” అంది బర్బా. “తాగు, చల్లారిపోతుంది.”

సోయిజిగ్ తాగలేదు. ఇరవై ఏడేళ్ళూ అతని ఊపిరి ఎక్కడ ఆగుతుందో కనిపెట్టుకుని ఉండటమే తన పని. తనకంటే బాగా ఇంకెవరికీ తెలీదు. అంత తెలిసీ, ఊపిరి తగ్గుతోంది అనుకునే బదులు దగ్గరవుతున్నాం అనుకుంది. మనిషే పోయి ఉంటే ఆ దగ్గరితనం ఎవరితో పంచుకునేదని తనని తనే తిట్టుకుంది.

మర్నాడు పిల్లల్ని దింపేసి, బస్సు షెడ్డులో పెట్టి, మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళింది. గుల్వెన్ దిళ్ళకి జారగిలబడి ఉన్నాడు. పక్కలోంచి గొట్టం కిందనున్న పెట్టెలోకి పోతోంది, అతను ఊపిరి వదిలినప్పుడల్లా పెట్టెలో నీళ్ళు బుడబుడమంటున్నాయి. మాట వస్తోంది కానీ రెండేసి మాటలకి ఆగాల్సి వస్తోంది. ఊపిరితిత్తి తెరుచుకుంటోందని, రెండు నెలలదాకా పాట ఊసెత్తద్దని డాక్టరమ్మ పొద్దున చెప్పి వెళ్ళిందట.

సోయిజిగ్ కోటు విప్పకుండానే కూర్చుంది. దారి పొడుగునా అనుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

“నాకు బుధవారమే తెలుసు గుల్వెన్. నీకు గాలి ఆడట్లేదని తెలుసు. తెలిసీ కప్పేశాను. అలవాటు అని చెప్పుకోవచ్చు, కానీ అదొక్కటే కాదు. నాకు బాగుంది. రెండు మాటలు నాలుగయ్యాయని, అయిదయ్యాయని సంతోషపడ్డాను. నువ్వు చచ్చిపోతుంటే నేను సంతోషపడ్డాను. ఇక నువ్వు నాతో పాడనన్నా నేనేమీ అనుకోను.”

గుల్వెన్ నవ్వబోయాడు. నవ్వు గొట్టం దగ్గర పట్టేసి ముఖం చిట్లించాడు.

“సెయింట్ల పండగప్పట్నుంచి,” అన్నాడు. ఆగాడు. “కావాలనే... వదిలేస్తున్నాను.”

“ఏంటి వదిలేస్తున్నావు?”

“చివరి నుంచి... మూడో మాట.”

సోయిజిగ్ కుర్చీ ముందుకి జరిపింది. “అప్పుడు ఊపిరి ఉండేదా?”

“బోలెడు ఉండేది.” పెట్టె బుడబుడమంది. “నేను వదిలితే... నువ్వు ముందొస్తావని. అడగడానికి... మొహం చెల్లక.”

“మరి ఆపరేషనయ్యాక?”

“అప్పుడు నిజంగానే... చాల్లేదు. అమ్మయ్య... నటించక్కర్లేదు... అనుకున్నా.”

“సిగ్గులేని మనిషీ!” పక్క మంచం ముసలాయన ఉలిక్కిపడి పత్రిక దించాడు. “కాగితం మీద అంత పెద్దక్షరాలతో రాసిస్తే బ్రెడ్డు డబ్బా కింద పెట్టావా? చచ్చిపోయేవాడివి! నేను వయసనుకున్నాను. నీకు వయసైపోతోందని ఇంటికెళ్ళి ఏడవాల్సిందాన్ని, నవ్వుకున్నాను తెలుసా?”

“నవ్వావా?” అన్నాడు. ఆ ఒక్క మాటకి అతని ముఖం విప్పారింది.

సోయిజిగ్ అప్పుడు ఏడ్చింది. పండగ నుంచి ఇప్పటిదాకా పోయిన ఆరునెలలకి కాదు, అంతకు ముందు పోయిన ఏళ్ళన్నిటికీ కలిపి ఏడ్చింది. ఒకరు ఒక మాట వదిలి, ఇంకొకరు ఒక మాట ముందుకొచ్చి, అంతకు మించి ధైర్యం చేయలేక, రెండు నోళ్ళుండీ పాటకి తప్ప వాడుకోలేని ఇద్దరు మనుషులు. గుల్వెన్ చెయ్యి చాపి ఆమె కోటు చెయ్యి పట్టుకున్నాడు. గొట్టం ఉండబట్టి అంతకన్నా అందలేదు.

“రెండు నెలలు... పాట లేదట,” అన్నాడు.

“లేదు.”

“మరి నువ్వు... ఏం వంక... పెట్టుకుని వస్తావు?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. అతను ఇంకా ఏదో అనబోతున్నాడు. దిళ్ళ మీద కొంచెం పైకి జరిగి, పాట ఎత్తుకునే ముందులా గాలి పీల్చుకున్నాడు.

“వంకలేమీ... లేకుండా... మా ఇంట్లో...”

అక్కడ ఊపిరి అయిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. మిగిలిన మాట సోయిజిగ్‌కి తెలుసు. అది అప్పటికే ఆమె నాలుక చివరికి వచ్చేసింది. అతను ఆగినచోట అందుకుని పూర్తిచేయడం తప్ప ఆమె ఒంటికి వేరే అలవాటు లేదు. పెదవులు కదలబోతుంటే పళ్ళతో గట్టిగా నొక్కిపట్టింది.

పెట్టెలో బుడబుడ ఆగి మళ్ళీ మొదలైంది. పక్క మంచం ముసలాయన పత్రిక తిప్పాడు. బయట ఎవరో బండి తోసుకుంటూ పోయారు. ఆమె అందుకోలేదు.

“...ఉండిపో...” అని గుల్వెన్ ఇంకోసారి గాలి పీల్చుకున్నాడు. “...కూడదూ?”

చివరి అక్షరం దాకా పూర్తిగా వినేంతవరకూ ఆగి, అప్పుడు సోయిజిగ్ “ఉంటాను” అంది.